నిషిద్ధాక్షరి నుండి కంప్యూటరు చిక్కుప్రశ్న వరకు

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల ఈ పండుగవేళ, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకదానిని మీ ముందుంచుతున్నాను. "తెలుగులో చదివిన మా బిడ్డ కంప్యూటరు విద్యలో నిలదొక్కుకోగలడా?" కర్ణాటకలో ఉండి, ఆంధ్ర సరిహద్దుకు చేరువగా ఉన్న మన వై.ఎన్.హొసకోటలో ఈ ప్రశ్నకు మరింత బరువున్నది. ఇక్కడి బిడ్డకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడం, కంప్యూటరు మీద ఇంగ్లీషు. ఉపన్యాసం బదులు, ప్రోగ్రాములు వ్రాసేవారు ఆడుకొనే ఒక ఆటను గూర్చి చెప్పి, దాని మూలంగానే సమాధానం మనవి చేస్తాను.

ఆ ఆట పేరు మనకు క్రొత్త, దాని స్వభావం మాత్రం మనకు పాతదే. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అనే అంశమున్నది. అవధాని పద్యంలో ఒక అక్షరం పలుకగానే, పృచ్ఛకుడు తరువాత రాదగిన అక్షరాన్ని ఊహించి, "అది కూడదు" అంటాడు. అవధాని వేరొక అక్షరంతో దారి తీయాలి. అర్థం చెడరాదు, ఛందస్సు తప్పరాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, రెండవ అక్షరం ప్రాస. ఈ కట్టుబాట్లన్నీ ఉండగా పైన మరొక నిషేధం! దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారలు ఈ విద్యను ఊరూరా ప్రదర్శించి ప్రజల సొత్తు చేసినారు. మన కర్ణాటకలో శతావధాని ఆర్. గణేశ్ గారు కన్నడంలో అవధానానికి నూతన జీవం పోసినారు. పదునారవ శతాబ్దిలోనే పొన్నగంటి తెలగన సంస్కృత పదాలను విడిచి, అచ్చతెలుగులో 'యయాతి చరిత్ర' వ్రాసినాడు. పెదవులు కలిపి పలికే ప, ఫ, బ, భ, మ వంటి అక్షరాలను విడిచి నిరోష్ఠ్య కావ్యాలు వ్రాసిన కవులూ ఉన్నారు.

ప్రోగ్రాములు వ్రాసేవారి ఆటయూ ఇట్టిదే. ఒక చిన్న పని ఇస్తారు. దానిని సాధించే ఆదేశాలను అతి తక్కువ అక్షరాలలో వ్రాయాలి. తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేసే గోల్ఫును బట్టి ఈ ఆటకు 'కోడ్ గోల్ఫ్' అని పేరు వచ్చినది. కొన్నిసార్లు దానికి నిషేధాలు కూడా తోడవుతాయి. అంకెలు వాడరాదు, ఫలానా అక్షరం రారాదు, ఒకే పనిని మరల మరల చేయించే ఆదేశం ఉండరాదు, ఇట్లు. జావాస్క్రిప్టు అనే భాషలో రెండు చదరపు బ్రాకెట్లు, రెండు గుండ్రని బ్రాకెట్లు, కూడిక గుర్తు, ఆశ్చర్యార్థకం, ఈ 6 గుర్తులతోనే ఏ ప్రోగ్రామునైనా వ్రాయవచ్చునని చూపినవారున్నారు. దీనిని కంప్యూటరు నిరోష్ఠ్యమనవచ్చును.

పిల్లలకు అందుబాటులో ఉండే ఉదాహరణ చెప్పెదను. గీడో వాన్ రోసుమ్ అనే డచ్ పండితుడు 1991లో లోకానికి అందించిన పైథాన్ భాషను తీసుకొనండి. ప్రశ్న ఇది: అంకె ఒక్కటి కూడ వాడకుండా తెరపై 2 అని చూపించుము. పైథాన్‌లో 'ట్రూ' అనే మాట ఉన్నది, సత్యమని దాని అర్థం. లెక్క చేయమంటే పైథాన్ ఆ సత్యాన్ని 1గా గణిస్తుంది. కావున ట్రూకు ట్రూ కలిపితే 2 వస్తుంది. మామూలుగా 2 అని వ్రాసి ఊరకున్న విద్యార్థికి ఈ రహస్యం ఎన్నటికీ తెలియదు. తిన్నని దారి మూసినప్పుడే వాడు పదార్థపు లోతు తెలిసికొంటాడు.

ఇప్పుడు 6 కావాలి. పైథాన్‌లో 'లెన్' అనే ఆదేశం, ఇచ్చిన మాటలో ఎన్ని సంకేతాలున్నవో లెక్కించి చెప్తుంది. దానికి 'స్త్రీ' అని ఇవ్వండి. మన కంటికి అది ఒక్కటే అక్షరం. కంప్యూటరు మాత్రం 6 అంటుంది! స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, ఇవి ఆరు. యూనికోడ్ పద్ధతిలో ఒత్తు కొరకు పొల్లును, గుణింతపు గుర్తును వేర్వేరు సంకేతాలుగా దాచుతారు. ఈ జవాబు ఇంగ్లీషు మాత్రమే తెలిసినవానికి తట్టదు. గుణింతాలు, ఒత్తులు పలకపై దిద్దిన బిడ్డకే తడుతుంది.

మరొకటి. 'వికటకవి' ఎటు చదివినా ఒక్కటేనని మనమందరం ఎరుగుదుము. పైథాన్‌తో దానిని తిరగవేయించి చూడండి, ఒక్కటి కాదంటుంది. గుడి విడి సంకేతం కనుక, తిరగవేసినప్పుడు అది తనకు ఆధారమైన 'వ'ను విడిచి ముందుకు వచ్చి నిలుస్తుంది. 'నటన', 'జలజ' మాత్రం చక్కగా సరిపోతాయి, వాటిలో గుణింతపు గుర్తులు లేవు గనుక. మరి తెలుగు పదాన్ని అక్షరాలుగా సరిగా విడదీసే ప్రోగ్రాము వ్రాయవలెనంటే ఎవరు వ్రాయాలి? తెలుగు వర్ణమాల క్షుణ్ణంగా తెలిసినవారే వ్రాయాలి.

ఈ ఊరికి ఈ విద్య పరాయిది కూడ కాదు. పట్టుచీరల నేతకు పేరుపడ్డ ఊరు మనది. ఫ్రాన్సు దేశస్థుడు జకార్డు 1804లో రూపొందించిన సాధనంలో, అట్టకు రంధ్రమున్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అనే రెండు మాటలతోనే అంచూ బుట్టా పుడుతున్నవి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830ల నాటి తన గణనయంత్రపు ప్రణాళికకు ఈ అట్టల ఆలోచననే గ్రహించినాడు. జకార్డుకు ఎన్ని కొక్కేలుంటే నమూనా అన్నింటిలోనే ఇమడాలి. మగ్గం ముందు కూర్చున్నవారికి పరిమితిలో పనితనమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

అయితే రెండు హెచ్చరికలు. మొదటిది పిల్లలకు. ఈ పొట్టి ప్రోగ్రాములు ఆటకే. బ్యాంకు లెక్కకో, ఆసుపత్రి పనికో వ్రాసే ప్రోగ్రాము ఇతరులు చదివి దిద్దుకొనేటట్లు విశదంగా ఉండాలి. చిత్రకవిత్వంతో ఉత్తరం వ్రాస్తే అందుకొన్నవారికి అవస్థ.

రెండవది మన పెద్దలందరికీ. నిషేధం వేరు, లేమి వేరు. పృచ్ఛకుడు ఒక అక్షరం కాదన్నప్పుడు, తక్కిన అక్షరాలన్నీ అవధాని వశంలో ఉన్నవి. అసలు అక్షరాలే నేర్పని వానికి నిషిద్ధాక్షరి లేదు. కంప్యూటరు లేని గదిని, పదవ తరగతితో చదువు మానిపించిన ఆడపిల్లను చూపి, "కష్టంలోనే తెలివి పుడుతుంది" అని మనల్ని మనం ఓదార్చుకోరాదు. హద్దు ఆటలో ఉండాలి గాని, బిడ్డ అవకాశంలో ఉండరాదు.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానం. పైథాన్‌లో ప్రత్యేకించిన మాటలు సుమారు 35 మాత్రమే. 2008లో వచ్చిన మూడవ రూపం నుండి, మనం వాడే విలువలకు 'మొత్తం', 'వయసు' అని తెలుగులోనే పేర్లు పెట్టవచ్చును. ఇంగ్లీషు నేర్పవలసినదే, శ్రద్ధగా నేర్పుదాం. కాని ఆలోచించడం బిడ్డ తల్లిభాషలోనే మొదలవుతుంది. తెలుగు మాధ్యమం అడ్డంకి కాదు, అడ్డంకి మన అశ్రద్ధయే.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం. యంత్రాలు ఇవ్వగలవారు ఇవ్వండి. ఇవ్వలేనివారు సెలవులకు ఊరు వచ్చినప్పుడు ఒక గంట ఇవ్వండి. నల్లబల్లపై ఒక చిక్కుప్రశ్న వ్రాసి, "ఇది కూడదు, అది కూడదు" అని పిల్లలతో ఆడండి. దానికి సుద్దముక్క చాలును.

విద్యార్థులారా, మీకొక ప్రశ్న విడిచి సెలవు తీసుకొంటాను. అంకె వాడకుండా, లెన్ ఆదేశంతో 8 చూపించాలి. ఇచ్చే తెలుగు మాట రెండే అక్షరాలది కావలెను. అటువంటి మాట ఒకటి మన బడిలో ప్రతిదినం వినబడుతూనే ఉంటుంది. వెదకండి.