పాత డాలర్ నోటు మీద ఊరి పేరుందా? అమ్మే ముందు ఇది చూడండి!

ఈ ఎపిసోడ్‌లో అమెరికా పాత నోట్ల గురించి మాట్లాడుకుందాం. మీరు అక్కడ ఉంటున్నా, మీ వాళ్లెవరైనా అక్కడున్నా ఇది బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఒకే ఏడాది, ఒకే డిజైన్, ఒకే పది డాలర్ల నోటు. ఒక ఊరిదైతే వంద డాలర్ల లోపే దొరుకుతుంది. ఇంకో ఊరిదైతే వేల డాలర్లు పలుకుతుంది. తేడా ఎక్కడుందో తెలియనివాళ్లు చవగ్గా అమ్మేసుకుంటారు.

వీటిని నేషనల్ బ్యాంక్ నోట్లు అంటారు. మన దేశంలో ప్రెసిడెన్సీ బ్యాంకులు సొంత నోట్లు వేసుకోవడం 1861 చట్టంతో ఆగిపోయింది కదా. అమెరికాలో దాదాపు అదే టైమ్‌లో, 1863లో, ఈ పద్ధతి మొదలైంది. సివిల్ వార్ జరుగుతోంది, ప్రభుత్వానికి డబ్బు కావాలి. అందుకే ఓ రూల్ పెట్టారు. ఊళ్లో బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో పెడితే, వాటి హామీ మీద ఆ బ్యాంకు పేరుతో నోట్లు అచ్చు వేసి ఇస్తారు. 1935 దాకా ఇదే నడిచింది. ప్రతి బ్యాంకుకీ ఒక చార్టర్ నంబర్. ఒకటో నంబర్ ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుది. ఆ నంబర్లు 14 వేలు దాటాయి!

ఇక్కడ ఒక విషయం నాకు భలే నచ్చుతుంది. 1930ల మొదట్లో వేల బ్యాంకులు మూతపడ్డాయి. డబ్బు దాచుకున్నవాళ్లు చాలామంది నష్టపోయారు. కానీ అదే బ్యాంకు నోటు జేబులో ఉన్నవాడికి పైసా పోలేదు. ఎందుకు? దాని వెనక ట్రెజరీలో బాండ్లున్నాయి. బ్యాంకు పోయింది, నోటు బతికింది. కొన్ని ఊళ్లకి ఇప్పుడు ఆ బ్యాంకు గుర్తుగా మిగిలినవి ఆ నోట్లే.

సరే, విలువ ఎలా చూడాలి?

ఒకటి, ఊరు. పాతదైతే చాలు రేటు ఎక్కువ అనుకోకండి. ఆ బ్యాంకు నోట్లు ఇప్పటికి ఎన్ని బయటపడ్డాయన్నదే ముఖ్యం. కలెక్టర్లు దశాబ్దాలుగా ఈ లెక్క రాసుకుంటున్నారు. న్యూయార్క్ పెద్ద బ్యాంకులవి బోలెడు. రెండో మూడో మాత్రమే మిగిలిన చిన్న ఊరివైతే పోటీ పడి కొంటారు. అరిజోనా 1912లో రాష్ట్రమైంది. అంతకుముందు టెరిటరీ అని అచ్చైన నోట్లకి క్రేజ్ ఇంకా ఎక్కువ.

రెండు, సిరీస్. 1929కి ముందువి సైజులో పెద్దవి. వాటిలో తొలినాళ్ల రెండు డాలర్ల నోటు మీద 2 అంకె అడ్డంగా పడుకుని ఉంటుంది. అందుకే దాన్ని లేజీ డ్యూస్ అంటారు. అది కాస్త మంచి కండిషన్‌లో ఉంటే వేల డాలర్ల మాటే.

మూడు, కండిషన్. మడతలు, చిరుగులు, పిన్ను బెజ్జాలు అన్నీ లెక్కే. గ్రేడింగ్ కంపెనీలు 70 పాయింట్ల స్కేల్ మీద మార్కులేస్తాయి. దయచేసి నోటుని కడగకండి, ఇస్త్రీ చేయకండి, అంచులు కత్తిరించకండి, టేపు అంటించకండి. బాగుచేద్దామనుకుని విలువ పోగొట్టుకుంటారు.

ఇంకో జాగ్రత్త. 1929 సిరీస్‌లో గోధుమ రంగు సీల్, పైన నేషనల్ కరెన్సీ అని రాసి ఉన్న నోటు చూసి మోసపోవద్దు. బ్యాంకు పేరు దగ్గర ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అని ఉంటే అది వేరే రకం. దాని మీద చార్టర్ నంబర్ ఉండదు, ఒక అక్షరం ఉంటుంది.

రేటు తెలుసుకోవాలంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాడు అడిగే ధర చూడకండి. నిజంగా ఎంతకి అమ్ముడైందో చూడండి. హెరిటేజ్ ఆక్షన్స్ లాంటి వేలం సంస్థల సైట్లలో పాత అమ్మకాల రికార్డులుంటాయి. అదే బ్యాంకు, అదే సిరీస్, అదే కండిషన్‌తో పోల్చుకోండి.

అలాగని దీన్ని షేర్ మార్కెట్‌లా చూడొద్దు ఫ్రెండ్స్. ఎవరింట్లోనో అదే బ్యాంకు నోట్ల కట్ట ఒకటి బయటపడిందనుకోండి, అరుదైన నోటు కాస్తా మామూలైపోతుంది. ఇష్టం ఉంటేనే కొనండి. అమ్మేముందు మాత్రం ఊరి పేరు, చార్టర్ నంబర్ చదవండి. ఆ రెండు నిమిషాల పనే మీ నష్టాన్ని ఆపుతుంది.

మీ ఇంట్లో ఏ దేశం పాత నోట్లున్నాయో కామెంట్‌లో చెప్పండి. నంబర్ కనిపించేలా ఫోటో మాత్రం పెట్టకండి.