అరిగిన దీనారాలు



ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే ముందుగా బయటికొచ్చేది పాత వెండి. తెగిన పట్టీలు, సొట్టపడిన కుంకుమభరిణె, అమ్మమ్మ మూటలోని నాణేలు అన్నీ కలిపి కంసాలి చేతిలో పోసి కొత్త మెట్టెలు చేయించుకుంటాం. మా గజపతినగరంలోనూ ఇదే వరస. ఆ మూటను కరిగించే ముందు ఒక్కసారి విప్పి చూడండమ్మా అని చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

రాణీ బొమ్మ రూపాయలు మనం ఎరుగుదుం. వాటికంటె పద్దెనిమిది వందల ఏళ్ళు పాతవైన రోమను వెండి నాణేలు కూడా మన నేలలో దొరికాయి. ఎక్కడో కాదు, విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, తొట్లకొండ మీద. 1988 నుంచి 1993 దాకా అక్కడ తవ్వితే బౌద్ధ విహారంతో పాటు తొమ్మిది శాతవాహన నాణేలూ, అయిదు రోమను వెండి నాణేలూ బయటపడ్డాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలోనైతే ఒక్కచోటే పదిహేను వందలకు పైగా!

మన మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు పట్టుకుపోయి వాళ్ళు వెండి బంగారాలు ఇచ్చేవారు. ఇండియా, చీనా, అరేబియాలకు ఏటా పది కోట్ల సెస్టెర్సులు పోతున్నాయనీ, ఇదంతా సోకులకూ ఆడవాళ్ళకూ అయ్యే ఖర్చనీ ప్లీనీ అనే రోము పండితుడు వాపోయాడు. ఆ రోజుల్లోనూ నింద మనమీదే, చూశారా!

ఆ వెండి నాణెం పేరు దెనారియసు. మన దీనారం అందులోంచి వచ్చిన మాటే. శ్రీనాథుడికి కనకాభిషేకం చేసిన దీనారాలని చిన్నప్పుడు చదువుకున్నాం కదూ. (అది హంపీ విజయనగరం సుమండీ, మన విజయనగరం కాదు.) కొత్తలో దెనారియసు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ తూగేది. మూడు వేస్తే మన తులం! క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువూ తగ్గించాడు, వెండిలో కల్తీ కూడా పెంచాడు. మన దగ్గర దొరికే వెండి నాణేలు ఎక్కువగా అంతకు ముందువే. వెండి సంగతి మనవాళ్ళకు ఒకరు చెప్పాలా?

అక్షరాలు అరిగిపోయినా ఆకారం మిగులుతుంది. దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఒకవైపు ఆకుల దండ పెట్టుకున్న మగవాడి తల, రెండోవైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి ఉంటే టైబీరియసుది, క్రీ.శ. 14–37 నాటిది. డాళ్ళు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటే అగస్టసుది. వాళ్ళు ఆయన మనవలు, గాయసూ లూసియసూ. పాపం, ఇద్దరూ తాతకంటె ముందే పోయారు.

నల్లగా ఉందని చింతపండూ ముగ్గుపిండీ పెట్టి తోమకండి. గిన్నెలకది మంచిదే గాని, నాణెం మీద మిగిలిన ఆ కాస్త ముక్కూ చెవీ కూడా పోతాయి.

పొలంలో దున్నుతుంటే దొరికితే మాత్రం దాచకూడదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. దాస్తే వాటా పోవడమే కాదు, శిక్ష కూడా ఉంది. చెబితే నష్టం లేదు: సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువా, దానిమీద అయిదో వంతూ కలిపి ఇస్తుంది. కొనేవారు లైసెన్సున్న వర్తకుడి దగ్గరే రసీదుతో కొనండి.

మూటలో అలాంటిది కనిపిస్తే కంసాలి త్రాసులో తూయించి, బరువూ, బొమ్మా, ఎవరి మూటలోంచి వచ్చిందో నోటుబుక్కులో రాసి, మెత్తని నూలుగుడ్డలో చుట్టిపెట్టండి. మెట్టెలకు వెండి చాలకపోతే ఆ తులంలో మూడో వంతు బజార్లో కొనుక్కోవచ్చు.