చప్పట్లు అయిపోయాక పిల్లవాడు ఎక్కడికి పోతాడు?

(వాడలో సినిమా వేసిన రాత్రి యువజనులతో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు)



ఇప్పుడు మనం చూసిన చిన్న సినిమా పేరు 'పిస్తుల్యా'. తీసినాయన నాగరాజ్ మంజులే. షోలాపూర్ జిల్లా వడ్డెర బిడ్డ. అప్పటి అహ్మద్‌నగర్‌లో చదువుకుంటున్న రోజుల్లో తీశాడు. బడికి పోవాలని తపించే పేదింటి పిల్లవాడి కథ ఇది. 2010 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో తొలి లఘుచిత్ర దర్శకుడి బహుమతి దీనికే వచ్చింది. ఇందులో మరాఠీతో పాటు తెలుగు కూడా ఉంది. ఎందుకంటే అక్కడి వడ్డెరల ఇంటిభాష తెలుగే.

సినిమా అయిపోగానే మీరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అయితే ఒక మాట అడుగుతాను. తెరమీద బడికోసం అల్లాడే పిల్లవాణ్ని మెచ్చుకుంటాం సరే, మన వాడలో బడి మానేసిన పిల్లవాడి సంగతేంది?

ఈయనే 2013లో 'ఫండ్రీ' తీశాడు. ఫండ్రీ అంటే కైకాడీల భాషలో పంది. పందుల్ని పట్టే ఇంటి పిల్లవాడు జబ్యా, తోటి పిల్లలు చూస్తారని సిగ్గుతో దాక్కుంటాడు. ఊరు ఊరంతా తమాషా చూసినట్టు చూసి నవ్వుతుంది. చివరికి వాడు విసిరిన రాయి సూటిగా మనమీదికే వస్తుంది. మన బిడ్డ పనిచేస్తే నవ్వుతారు, ఆడితే చప్పట్లు కొడతారు. రెండుచోట్లా వాడు చూసేవాళ్ళకు ఆటబొమ్మే.

పేరొస్తే బతుకు మారుతుందంటారా? 1988లో వచ్చిన 'సలాం బాంబే'లో నటించిన వీధి పిల్లవాడు షఫీక్ సయ్యద్‌కు జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత బెంగుళూరులో ఆటో నడుపుకున్నాడు. ఆటో నడపడం తప్పు కాదు. పతకం ఇచ్చినవాళ్ళు దారి చూపకపోవడం తప్పు. 2016లో 'సైరాట్' వచ్చాక రింకూ రాజ్‌గురు చుట్టూ జనం మూగి, ఆ అమ్మాయి పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాల్సి వచ్చింది.

నా క్లాసులో ఒక పిల్లవాడున్నాడు. డప్పు పట్టాడంటే వాడకు వాడే కదిలేది. ఎవరో ఫోనులో వీడియో తీసి పెట్టారు. ఇక ప్రతి ఊరేగింపుకూ వాడే కావాలి. రాత్రంతా కొట్టేవాడు, పొద్దున బెంచీమీద తల వాల్చేవాడు. కొన్నాళ్ళకు రావడమే మానేశాడు. ఇంటికి పోతే, "సార్, అక్కడ నన్ను అందరూ పేరుపెట్టి పిలుస్తారు, బడిలో ఎవరు పిలుస్తారు?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వీడియో కింద కులం పేరుతో తిట్లు వచ్చిన రోజున మాత్రం వాడు నా దగ్గరికే వచ్చి ఏడ్చాడు.

చట్టం ఒకటుంది. 2017 నిబంధనల ప్రకారం సినిమాల్లో, టీవీల్లో నటించే 14 ఏళ్ళలోపు పిల్లలచేత రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో వెయ్యాలి. ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకూడదు. ఈ లెక్క మన ఊరేగింపుల్లో, ఫోను వీడియోల్లో ఎవరడుగుతున్నారు?

మనమే అడగాలి. మన సభల్లో, మన కళాబృందాల్లో కూడా! రాత్రి పదిగంటల తర్వాత బడిపిల్లలకు డప్పు ఇవ్వొద్దు. వాళ్ళ డబ్బు వాళ్ళ పేరనే ఉండాలి. వీడియో పెట్టేముందు బిడ్డనూ తల్లినీ అడగండి. తిట్లు వస్తే బిడ్డను ఒంటరిగా వదలొద్దు, పదిమంది కలిసి స్టేషనుకు పోండి. మా టీచర్లు కూడా వాళ్ళను బడిలో పేరుపెట్టి పిలవడం నేర్చుకోవాలి.

డప్పు మనది. దాన్ని దించమనడం లేదు. ఒక చేత డప్పు, ఇంకో చేత పుస్తకం ఉండాలంటున్నా.

జై భీమ్!