మునుగువారి గాలిసంచి: ఎంపిక ఎట్లు?

1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గన్యాన్ అను నిరువురు వీపున కట్టుకొను సిలిండరునుండి ఊపిరికి వలసినంత గాలిని అందించు సాధనమును నిర్మించిరి. ఆనాటినుండి సముద్రగర్భ సంచారము సామాన్యులకును సాధ్యమైనది. నేడు అండమానులందును, లక్షద్వీపములందును, మన విశాఖ చెంత ఋషికొండ తీరమునను యువతీయువకులు స్కూబా సాధనములతో మునుగుచున్నారు. వారు ధరించు గాలిసంచిని గూర్చి మేమిపుడు ముచ్చటింప దలచితిమి.

ఈ సంచి యేల? సముద్రమున 10 మీటర్లు దిగినంతనే పీడనము రెట్టింపగును. ఒంటినున్న రబ్బరు ఉడుపులోని బుడగలు కుంచించుకొనిపోవుటచే మనిషి మరింత మునుగును. మరొకవైపు సిలిండరులోని గాలి ఖర్చగుకొలది బరువు తగ్గును. 12 లీటర్ల సిలిండరులో 200 బారుల పీడనమున నింపిన గాలియే సుమారు 3 కిలోగ్రాములు తూగును. ఈ హెచ్చుతగ్గులను సరిచేయుటకే సంచిలోనికి కొంత గాలి నింపుదురు, కొంత వదలుదురు.

తొలుత వచ్చినది మెడలో వేసికొను సంచి. 1961లో ఫ్రాన్సులో ఫెంజీ అను నతడు దీనిని రూపొందించెను. నీటిపై ఇది ముఖమును పైకెత్తి నిలుపును. కాని నీటియడుగున మెడవద్దనే తేలుటచే ఒడలు సమముగా నిలువదు. అందుచే నేడిది అరుదైనది.

రెండవది జాకెట్టు. ఇందు గాలి ప్రక్కలను, వీపును చుట్టి యుండును. నీటిపై మనిషి నిటారుగా, నిశ్చింతగా నుండును, జేబులును కలవు. కొత్తగా నేర్చువారికి తగినది. అయితే నిండుగా నింపినచో ప్రక్కటెముకలను బిగించి ఊపిరికి అడ్డుపడును.

మూడవది వింగు. వీపున లోహపు పలక, దానికి పట్టీలు, వెనుక మాత్రమే సంచి. ఫ్లోరిడా నీటిగుహలలో సంచరించువారు దీనిని తీర్చిదిద్దిరి. ఱొమ్ము స్వేచ్ఛగా నుండును. ఒడలు చేపవలె అడ్డముగా సాగును. కాని నీటిపైకి వచ్చి అతిగా నింపినచో మనిషిని ముందునకు త్రోయును. ఉక్కు పలక బరువును ఆపదవేళ విడిచివేయుటకు వీలులేదని యెరుగవలెను.

పెద్ద సంచి యుండిన భద్రము హెచ్చునని కొందరి భ్రమ. మన వెచ్చని సముద్రములలో పలుచని ఉడుపు ధరించువానికి చిన్న సంచియే చాలును. దళసరి ఉడుపు ధరించు చలిదేశములవారికే పెద్దది అవసరము. 10 మీటర్లలోతున సంచిలోనున్న గాలి నీటిపైకి చేరుసరికి రెట్టింపగును. దానిని వేళకు వదలనిచో మనిషి బాణమువలె పైకి లేచును. ఊపిరితిత్తులు చినుగు ప్రమాదము కలదు.

కావున కొనుటకు ముందు, శిక్షకుని సమక్షమున, ఈతకొలనులో పరీక్షింపవలెను. సంచి నిండుగా నింపి, ఊపిరి సులువుగా ఆడుచున్నదా అని చూడవలెను. కన్నులు మూసికొని గాలి వదలు మీటను చేతితో వెదకవలెను. నడుమునున్న సీసపు బరువులను ఒక్క లాగుతో విడిచిచూడవలెను. ఏడాదికి ఒకటి రెండు మారులు మునుగువారు జాకెట్టును అద్దెకు తీసికొనుట మేలు. తరచు మునుగువారికి వింగు శ్రమకు తగిన ఫలమిచ్చును.

తల్లిదండ్రులకు మరియొక మాట. ఈ సంచి ప్రాణరక్షక కవచము కాదు. స్పృహ తప్పినవాని ముఖమును నీటిపైకి నిలుపునన్న హామీ లేదు. మరణించిన మునుగువారిలో పలువురి నడుమున సీసము అట్లేయుండుట ప్రమాద విచారణలలో తరచు కానవచ్చు విషయము. నీటిపైకి వచ్చియు, బరువు విడువజాలక వారు మరల మునిగిరి. కనుక మీ పిల్లలు సముద్రమునకు బయలుదేరునపుడు, ఏ రకము జాకెట్టు కొంటివని కాక, బరువు విడుచుట ఎన్ని మారులు అభ్యసించితివని అడుగుడు.