వారసత్వము – ప్రమేయ భాష

తల్లిదండ్రులారా!

"ఒక కంప్యూటరు భాషలో నేర్చినది వేఱొక భాషలో వ్యర్థము కాదా?" యని మీలో పలువురు మమ్మడుగుచున్నారు. అందులకొక ఉదాహరణము చెప్పెదము.

1967లో నార్వే దేశీయులగు డాల్, నైగార్డ్ పండితులు సిమ్యులా భాషలో క్లాసును, వారసత్వమును ప్రవేశపెట్టిరి. క్లాసనగా అచ్చు వంటిది. పిల్లక్లాసు తల్లిక్లాసు గుణములను పొంది, వలసినవానిని మార్చుకొనును.

1975లో వెలువడిన స్కీము భాషలో క్లాసను మాటయే లేదు, ప్రమేయములే ప్రధానము. అయినను పని ఆగదు. బ్యాంకు ఖాతానే తీసికొందము. సొమ్మును తనలో దాచుకొని, "జమ", "నిల్వ" యను ప్రశ్నలకు బదులిచ్చు ప్రమేయమే ఖాతా యగును. వడ్డీఖాతా మఱియొక ప్రమేయము: తానెఱిగిన ప్రశ్నకు తానే బదులిచ్చి, తక్కినవానిని తల్లిఖాతాకు పంపును. ఇందొక చిక్కు కలదు. తల్లి తన పనిలో "నేను" అన్నచోట, పిల్ల మార్చుకొన్న రీతియే నడువవలెను. కావున ఆ "నేను"ను గూడ ప్రమేయమునకు విలువగా నందింతురు.

భాష మాఱినది, భావము నిలిచినది. గ్రహించిన భావము ఏ భాషకైనను వెంట వచ్చును. నేటి సాయంకాలము మీ బిడ్డను, "నేర్చినది తెలుగున చెప్పుము" అని యడుగుడు. చెప్పగలిగినచో నేర్చినట్లే.