దిక్సూచి తిరగబడితే...



“ఉత్తరం కాస్తా దక్షిణమవుతుందట, భూమి తలకిందులవుతుందట, ఇక యుగాంతమేనట!” ఇలాంటి మాటలు అప్పుడప్పుడూ పెరటి గోడలు దాటి వస్తూంటాయి. పిల్లలు విని బెంబేలెత్తుతారు. ఇందులో గింజ ఎంతో, పొల్లు ఎంతో ఈ పూట చెరిగి చూద్దాం.

ముందుగా ఒక మాట. తిరగబడేది భూమి కాదు, దాని అయస్కాంత శక్తి. సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడు, గోదావరి సముద్రంలోకే పోతుంది. మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున కరిగిన ఇనుము సుడులు తిరుగుతూంటుంది. దానివల్లే భూమి పెద్ద అయస్కాంతమయింది. ఆ సుడుల తీరు మారినప్పుడు, ఉత్తరం చూపే దిక్సూచి ముల్లు దక్షిణం చూపుతుంది.

ఎవరు చూసొచ్చారంటారా? సాక్ష్యం మనకు చేరువలోనే ఉంది. రాజమండ్రికి ఎదురుగా, కొవ్వూరు అవతల పంగిడి, దుద్దుకూరు నల్లరాతి క్వారీలున్నాయి గదా! ఆ రాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పారిన లావా. పశ్చిమ కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కోనసీమలో చమురు కోసం తవ్వినప్పుడు భూగర్భంలోనూ అదే రాయి తగిలింది. ఆ పొరకు మన రాజోలు పేరే పెట్టారు.

గిన్నె ఒరిగి ఉంటే పెరుగు ఒరిగే తోడుకుంటుంది, తర్వాత గిన్నె సర్దినా ఆ వాలు పోదు. లావా కూడా అంతే. చల్లారి గట్టిపడేటప్పుడు అయస్కాంతం ఎటుంటే, అందులోని ఇనుప రేణువులు ఆ గుర్తే పట్టుకుంటాయి. ఆ క్వారీలలో కింది లావా పొర నేటికి వ్యతిరేక దిశను, పై పొర నేటి దిశను చూపుతున్నాయి. రెంటి నడుమ గుల్లలున్న సున్నపురాతి పొర. ఆ మధ్యకాలంలోనే దిక్కు మారిందన్నమాట!

చివరిసారి ఇలా జరిగి దాదాపు 7,80,000 ఏళ్లయింది. మన పూర్వ మానవులు దాన్ని దాటి వచ్చినవారే. మార్పుకు వేల ఏళ్లు పడుతుంది. గత 200 ఏళ్లలో ఈ శక్తి సుమారు 9 శాతం తగ్గిన మాట నిజమే. అయినా రేపో మాపో తిరగబడుతుందనడానికి ఆధారం లేదు.

మరి చిక్కే లేదా? ఉంది. ఈ శక్తి సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలకు అడ్డుగా నిలిచే గొడుగు. మార్పు జరిగే కాలంలో గొడుగు పలచబడుతుంది. గొడుగు గట్టిగా ఉండగానే, 1989 మార్చిలో వచ్చిన సౌర తుఫానుకు కెనడాలోని క్వెబెక్‌లో 60 లక్షలమందికి సుమారు తొమ్మిది గంటలు కరెంటు పోయింది. ఉపగ్రహాలకూ ఇదే ముప్పు. 1996 నవంబరు 6 నాటి తుఫాను చూసిన కోనసీమకు ముందస్తు హెచ్చరిక విలువ వేరే చెప్పాలా? ఆ హెచ్చరికకు ఆధారం ఉపగ్రహాలే.

కనుక అమ్మలారా, పిల్లలు అడిగితే “నోర్ముయ్” అనకండి. ఒక దిక్సూచి కొనిచ్చి, పంగిడి రాయి కథ చెప్పండి. భయం పోతుంది, బుద్ధి పెరుగుతుంది.