మనవలు వస్తున్నారంటే సంబరమొక్కటే చాలదు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, పెన్షన్ సవరణ గురించి మాట్లాడేవారు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాలూ మనవల గురించి మాట్లాడతాను.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో ఉంటుంది. ఒక ఏడాది మూడేళ్ల పాపను తీసుకుని నెల రోజులుండేలా వస్తానంది. "టీకాలేమైనా వేయించాలేమో, డాక్టర్ని అడగనా నాన్నా?" అని ఫోనులో అడిగింది. "పుట్టింటికి రావడానికి టీకాలేమిటే! నువ్వు ఈ నీళ్లు తాగి పెరగలేదా?" అని నవ్వేశాను.

వాళ్లు తిరుగు ప్రయాణమయ్యే వారంలో పాపకు బజారులో ఐసు వేసిన చెరుకురసం తాగించాను. మా ఆవిడ కోప్పడితే, "ఒక్క గ్లాసుకేమవుతుంది" అన్నాను. వెళ్లిన పది రోజులకు పాపకు జ్వరం పట్టుకుంది. అక్కడి డాక్టరు మొదట అడిగింది "ఈమధ్య ఏ దేశమైనా వెళ్లారా?" అని. రక్తం కల్చర్ చేస్తే టైఫాయిడ్ అని తేలింది. పాప వారం రోజులు ఆసుపత్రిలో, మేమిద్దరం ఇక్కడ ఫోను పక్కన. దేవుడి దయవల్ల కోలుకుంది. చెరుకురసం వల్లేనని ఎవరూ అనలేదు. నేను మాత్రం ఆ బండి వైపు చూడలేను.

తరువాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి మీకు చెబుతాను.

మనకు అది పుట్టిల్లు, కాని ఆ పాపకు విదేశీ ప్రయాణం. హోటల్లో దిగే విదేశీయుడు సీసా నీళ్లే తాగుతాడు. మన పిల్లలు బంధువుల ఇళ్లన్నీ తిరిగి, పెట్టినదల్లా తింటారు. అందుకే బంధువులను చూడవచ్చేవారికే ప్రమాదం ఎక్కువట.

బయలుదేరడానికి కనీసం 4 నుంచి 6 వారాల ముందే డాక్టర్ని కలవాలి. అమెరికాలో మామూలుగా వేసే టీకాల్లో టైఫాయిడ్ టీకా ఉండదు, అడిగి వేయించుకోవాలి. అక్కడ ఆ సూదిమందు రెండేళ్లు నిండినవారికి ఇస్తారు, ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించాలి. ఆరు నెలల పిల్లలకు కూడా పనికివచ్చే టీకాను మన హైదరాబాదులోనే భారత్ బయోటెక్ వారు తయారు చేస్తున్నారు. దానికి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది.

తట్టు, అంటే మీజిల్స్ టీకా అక్కడ ఏడాది నిండాక వేస్తారు. ప్రయాణముంటే 6 నుంచి 11 నెలల పసివారికి ముందుగానే ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక రెండు డోసులూ మళ్లీ వేయించాలి.

ఇక దోమలు. రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది 1897లో మన సికింద్రాబాదులోనే. నూరేళ్లు దాటినా దోమ మనల్ని వదలలేదు. దోమతెర కట్టండి. మలేరియా మాత్రలు అవసరమా అన్నది వెళ్లే ఊరిని బట్టి డాక్టరే చెప్పాలి. రాసిస్తే, తిరిగి వెళ్లాక కూడా చెప్పినన్నాళ్లూ వేయాలి.

మన వంతు పనులూ ఉన్నాయి. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. ఐసు, కోసి అమ్మే పండ్లు వద్దు. విరేచనాలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టండి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి, డాక్టరుకు చూపించండి. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే, ఇండియా వెళ్లొచ్చామని డాక్టరుతో ముందే చెప్పమనండి.

పోయిన సంక్రాంతికి మళ్లీ వచ్చారు. ఈసారి రెండు నెలల ముందే నేనే ఫోను చేసి, "టీకాల సంగతి కనుక్కున్నావా అమ్మా?" అని అడిగాను. పాప మళ్లీ చెరుకురసం కావాలంది. కాచిన నీళ్లతో మా ఆవిడ చేసిన మజ్జిగ ఇచ్చాం. మొహం ముడుచుకుంది గాని, తాగింది.